వానలు తగ్గినా గోల్ఫ్ గ్రీన్ దిగబడుతోంది, కోరింగ్ ఇప్పుడా, కార్తీకంలోనా?

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 5
జడ్చర్ల దాటాక ఒక లేఅవుట్‌లో తొమ్మిది హోల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది. అక్కడ గ్రీన్ల (హోల్ చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి మడుల) పని నాదే, నాలుగేళ్ల నుంచి చూస్తున్నాను. తొమ్మిది గ్రీన్లు, ఒక ప్రాక్టీస్ గ్రీన్. గడ్డి టిఫ్‌డ్వార్ఫ్. ఈసారి వానలు పోతూ పోతూ నా పని మీద నీళ్లు చల్లి పోయాయి. 5, 7 నంబర్ల మీద నడిస్తే మడమ దిగబడుతోంది. పొద్దున పడ్డ అడుగు సాయంత్రం దాకా అట్లాగే ఉంటోంది. అంచుల్లో నల్లటి పాచి, మధ్యలో పసుపు మచ్చలు. మిషన్ మలుపు తిరిగే చోట చక్రం దిగి గడ్డిని మొదలంటా గొరిగేస్తోంది.

యజమాని గారి అబ్బాయి చలిదేశాల వీడియోలు చూసి, నవంబర్ ఆఖర్లో కోరింగ్ (బోలు గొట్టాలతో బొక్కలు కొట్టి మట్టి తీయడం) చేసి, చలికాలపు రై గడ్డి విత్తనం చల్లుదామంటున్నాడు. దీపావళికి టోర్నమెంట్ పెట్టారు కాబట్టి అప్పటిదాకా గ్రీన్ ముట్టుకోవద్దట. నాకేమో ఇప్పుడే బొక్కలు కొట్టాలని ఉంది. ఆ అబ్బాయికి చెప్పడానికి గట్టి కారణం కావాలి. స్వయంగా చేసినవాళ్లు చెప్పండి.

పిచ్_రోలర్ · అక్టోబర్ 5
నల్గొండలో క్రికెట్ గ్రౌండ్ చూస్తాను. మెత్తబడితే మేం రెండు రోజులు ఆరబెట్టి రోలర్ తిప్పుతాం. మీరూ లైట్ రోలర్ తిప్పి చూడండి, గట్టిపడుతుంది.

పాలమూరు_కాకా · అక్టోబర్ 5
రోలర్ మాట మాత్రం ఎత్తకు తమ్మీ. క్రికెట్ పిచ్ నల్లమట్టి, అది గట్టిపడాలి, బంతి లేవాలి. గ్రీన్ కింద ఉండేది ఇసుక. దానికి గాలి ఆడాలి, నీళ్లు దిగాలి. తడి మీద రోలర్ తిప్పితే ఉన్న కాస్త గాలీ పోతుంది.

నేను గల్ఫ్‌లో పదకొండేళ్లు గోల్ఫ్ కోర్సులోనే పనిచేసి వచ్చిన. కూలీగా పోయి, ఆఖరి నాలుగేళ్లు స్ప్రే టీం చూసిన. చెల్క_గ్రీన్, బొక్కలు ఎప్పుడు కొట్టాలో తర్వాత చూద్దాం. ముందు గుంత కోసే హోల్ కట్టర్ తీసుకుని 7వ గ్రీన్ మీద ఒక ముక్క తియ్యి. దాన్ని నిలువుగా కోసి పక్క నుంచి చూడు. ఏం కనబడుతుందో, ఏం వాసన వస్తుందో రాయి.

సెవెన్_ఐరన్ · అక్టోబర్ 6
ఆడేవాడి మాట కూడా వినండి. హైదరాబాద్ నుంచి గంటన్నర కారులో వస్తాం. వచ్చేసరికి గ్రీన్ నిండా బొక్కలు, ఇసుక. పుట్ కొడితే బంతి గెంతుతుంది. చెప్పకుండా చేస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

గడ్డికోత · అక్టోబర్ 6
@సెవెన్_ఐరన్ చెప్పకుండా చేయడం తప్పే, ఒప్పుకుంటా. కానీ మూడు వారాల బొక్కలకు ఓర్చుకోకపోతే ఏప్రిల్‌లో మీకు ఆడేందుకు గ్రీనే ఉండదు.

ఎడమకాల్వ_రైతు · అక్టోబర్ 6
మిర్యాలగూడ దగ్గర వరి మాది. గోల్ఫ్ నాకు తెలియదు, గడ్డి తెలుసు. గరికను చంపడానికి మేం ప్రాణాలు పెడతాం, మీరు దాన్నే పెంచడానికి ప్రాణాలు పెడుతున్నారు! ఈ టిఫ్‌డ్వార్ఫ్ అంటే గరికేనా?

పాలమూరు_కాకా · అక్టోబర్ 6
గరికే. వినాయకుడికి పెట్టే గరికనూ, ఆఫ్రికాలో ఉండే దాని చుట్టపు గడ్డినీ కలిపి అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో తయారుచేసిన రకాలే ఈ టిఫ్‌లు. టిఫ్‌డ్వార్ఫ్ 1965లో బయటికి వచ్చింది. పొట్టిది, మూడున్నర నాలుగు మిల్లీమీటర్లకు కోసినా తట్టుకుంటుంది. గింజ పట్టదు, పిలకలతోనే నాటాలి.

దీని గుణం మన గరిక గుణమే. ఎండ ఉంటే ఉరుకుతది, చలి పెడితే ముడుచుకుంటది. చలిదేశాల గ్రీన్ల మీద ఉండే గడ్డి వేరు, దానికి చల్లదనమే పండుగ. అందుకే అక్కడ ఎండాకాలం పోయాక బొక్కలు కొడతారు. వాళ్ల క్యాలెండర్ చూసి మనం చేస్తే మన గడ్డి నిద్రపోయేటప్పుడు ఆపరేషన్ చేసినట్టు.

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 7
కాకా చెప్పినట్టే 7వ గ్రీన్‌లో ముక్క తీశాను. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

పైన పచ్చదనం పావు అంగుళం కూడా లేదు. దాని కింద రెండు సెంటీమీటర్లు గోధుమ రంగు నార, వేలితో నొక్కితే స్పాంజిలా నీళ్లు కారుతున్నాయి. దాని కింద ఒకటిన్నర సెంటీమీటర్ల బూడిదరంగు పొర. గోటితో గీస్తే పౌడర్ డబ్బాలో వేలు పెట్టినట్టు నున్నగా ఉంది. ఆ పొర కిందనే కాటుక గీసినట్టు నల్లటి చార. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ చార కింద మళ్లీ శుభ్రమైన ఇసుక, అందులో ఒక్క వేరు లేదు. వేళ్లన్నీ బూడిద పొర దాకా వచ్చి, గోడ తగిలినట్టు పక్కకు తిరిగాయి.

5వ నంబర్ కూడా ఇంతే. మిగతా గ్రీన్లలో ఆ పొర దారంలా పలచగా ఉంది, వాసన లేదు.

గడ్డికోత · అక్టోబర్ 7
బూడిద పొర ఎక్కడి నుంచి వచ్చింది? కిందటేడు ఏ ఇసుక చల్లారు?

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 7
వాగు ఇసుకకు పర్మిషన్ దొరకలేదు. సప్లయర్ ఒకాయన "కడిగిన రోబో ఇసుక, ఫస్ట్ క్వాలిటీ" అని ట్రాక్టర్ల కొద్దీ దింపాడు. 5, 7 గ్రీన్లకు ముందు అదే చల్లించాను. దుమ్ము లేస్తోందని ఆడవాళ్లు కొంగు ముక్కుకు కట్టుకున్నారు. అప్పుడే ఆపాల్సింది. మిగతా వాటికి మిగిలింది కొద్దికొద్దిగానే పడింది.

పాలమూరు_కాకా · అక్టోబర్ 7
దొరికింది దొంగ. అది ఇసుక కాదు, క్రషర్ దుమ్ము. సన్న పొర నీళ్లను పట్టుకుని కిందికి వదలదు. పైన నీళ్లు నిలిస్తే కింద గాలి ఉండదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు ఆ కోడిగుడ్డు వాసన వాయువు పుట్టిస్తాయి, నల్ల చార అందువల్లనే. పైన పాచికి, పసుపుకు, దిగబడడానికి వేరు వేరు మందులు వెతకకు. అన్నిటికీ మూలం ఆ ఒకటిన్నర సెంటీమీటరే.

మట్టి_పరీక్ష · అక్టోబర్ 7
కాకా గారు చెప్పింది సరైన మాట. గ్రీన్ కట్టడానికి అమెరికా గోల్ఫ్ సంఘం పద్ధతినే చాలా దేశాలు పాటిస్తాయి. అడుగున పది సెంటీమీటర్ల కంకర, దాని మీద ముప్పై సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. ఆ మిశ్రమంలో కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. ఒండ్రు 5 శాతం, బంకమట్టి 3 శాతం దాటకూడదు. తర్వాత ఏటా చల్లే ఇసుక కూడా కింద ఉన్న ఇసుకకు జోడీ కావాలి. కింద ముతక, పైన సన్నం పెడితే నీళ్లు మధ్యలో వేలాడతాయి.

ల్యాబ్‌కు పంపే ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు, బాగా ఊపి పెట్టండి. ఇసుక నిమిషంలోపే కింద కూర్చుంటుంది. ఆ తర్వాత మెల్లగా దిగి పైన పేరుకునేదంతా ఒండ్రూ మట్టీ. ఆ పొర స్పష్టంగా కనబడితే ట్రాక్టర్ వెనక్కి పంపండి.

మీ బోరు నీళ్లు ఎట్లా ఉన్నాయి?

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 7
పీహెచ్ 8.3 మేడం. ఎండాకాలం స్ప్రింక్లర్ మూతి చుట్టూ తెల్లగా సున్నం కడుతుంది.

బత్తాయితోట · అక్టోబర్ 8
మా నల్గొండ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ కదా, గడ్డికి దాంతో నష్టం ఉంటుందా? తాగేందుకైతే పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ టెక్నిక్ ఉంది. ఎకరాలకు ఎకరాలు తడిపే నీళ్లకు అది కుదరదు.

మట్టి_పరీక్ష · అక్టోబర్ 8
ఫ్లోరైడ్ మనుషుల ఎముకల్నీ పళ్లనూ దెబ్బతీస్తుంది, గడ్డికి అదంత సమస్య కాదు. కానీ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లలో సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. నేలను బిగించేది ఆ జోడీ. వానాకాలం నీళ్లు ఆ ఉప్పును కడిగేస్తాయి. వానలు ఆగి మళ్లీ బోరు మొదలుపెట్టగానే పేరుకోవడమూ మొదలవుతుంది. అందుకే నేల తెరవడానికి ఇదే అదను. సోడియం ఎక్కువని పరీక్షలో తేలితేనే జిప్సం వేయండి. పాలమూరు వైపు వాళ్లకు పాలెం పరిశోధన స్థానం, మిర్యాలగూడ వైపు వాళ్లకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర. నీళ్లూ మట్టీ రెండూ పరీక్ష చేయించండి.

డిండి_వాగు · అక్టోబర్ 8
అడగక తప్పడం లేదు. పాలమూరులో తాగే నీళ్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లం మేం. మా నాన్న బొంబాయి వలస పోయిండు. ఆట కోసం గడ్డికి ఇన్ని నీళ్లా?

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 8
అడగాల్సిన మాటే అన్నా. మాదీ వలస ఇల్లే. పది గ్రీన్లు కలిపి ఎకరం నాలుగు గుంటలు. రోజూ నీళ్లు కావాల్సింది ఆ కొంచానికే. మిగతా నేలకు లేఅవుట్ ఇళ్ల మురుగునీరు శుద్ధి చేసి పెడుతున్నాం. గ్రీన్లకు కూడా ఆ నీళ్లే వాడాలని అడుగుతున్నాను. పద్నాలుగు మందిమి ఇక్కడ పనిచేస్తాం, పన్నెండు మంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

పాలమూరు_కాకా · అక్టోబర్ 8
గల్ఫ్‌లో మేం తడిపింది కూడా శుద్ధి చేసిన మురుగునీళ్లతోనే. తాగే నీళ్లు గ్రీన్‌కు పెట్టొద్దు, అందులో నేను డిండి_వాగు వైపే.

డిండి_వాగు · అక్టోబర్ 9
సరే, ఆ మాట మీద నిలబడండి. ముక్క సంగతి విన్నాక నాకూ కథ చివరిదాకా చదవాలనుంది.

వీకెండ్_ప్లేయర్ · అక్టోబర్ 9
రై గడ్డి సంగతి ఎవరూ తేల్చలేదు. ఢిల్లీ వైపు చలికాలంలో చల్లుతారని విన్నాను.

పాలమూరు_కాకా · అక్టోబర్ 9
అక్కడ చలి ఎక్కువ, గరిక ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, కాబట్టి పచ్చదనం కోసం రై చల్లుతారు. గల్ఫ్‌లో మేం కూడా టూరిస్టుల సీజన్ కోసం చల్లినం. మనకు డిసెంబర్, జనవరి రాత్రులు 15 డిగ్రీల చుట్టూ ఉంటాయి, పగలు ఎండ ఉండనే ఉంటది. గరిక నెమ్మదిస్తుంది, పూర్తిగా నిద్రపోదు. రై చల్లితే రెండు గడ్డులు ఒకే చోట నీళ్ల కోసం కొట్టుకుంటాయి. ఎండలు ముదిరాక రై చచ్చిపోతుంది, దాని కింద నీడలో నలిగిన గరిక మాత్రం లేవడానికి తిప్పలు పడుతుంది. రంగు తగ్గిందనిపిస్తే పలచగా అన్నభేది కొట్టు. ఇనుము అందితే వారంలో నిగనిగలాడుతది, పెరుగుదల మీద భారం పడదు.

ఇప్పుడు అసలు మాట. నిజానికి పెద్ద కోరింగ్ జూన్‌లో చేయాలి, గడ్డి ఉరుకు మీదున్నప్పుడు. అప్పుడైతే రెండు వారాల్లో పూడుతది. మీ 5, 7 గ్రీన్లు జూన్ దాకా ఆగవు. అక్టోబర్ 20 లోపు చేస్తే మూడు నాలుగు వారాలు, నవంబర్ ఆఖర్లో చేస్తే బొక్కలు సంక్రాంతికీ పూడవు. మిగతా గ్రీన్లకు రోగం లేదు కదా, వాటికి బోలు గొట్టాలు వద్దు. సన్న సూదులతో పొడిస్తే చాలు, వారంలో ఆడుకోవచ్చు.

సెవెన్_ఐరన్ · అక్టోబర్ 9
ఇదైతే నాకు ఒప్పుదల. రెండు గ్రీన్లు మూసి, పక్కన ఫెయిర్‌వే (గ్రీన్ దాకా వచ్చే గడ్డి దారి) మీద తాత్కాలిక గ్రీన్ పెట్టండి, ఆడతాం. బోర్డు మాత్రం ముందే పెట్టండి.

గడ్డికోత · అక్టోబర్ 9
5వ నంబర్‌కు నీడ ఉందా? రెండింటికీ అదే దుమ్ము పడినా పాచి ఒక్కదానికి ఎక్కువుంటే నీడ సంగతి చూడాలి.

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 10
ఉంది. ఆగ్నేయం వైపు మూడు కానుగ చెట్లు. ఎండాకాలం ఆ నీడ గ్రీన్ మీద పడదు. ఇప్పుడు సూర్యుడు దక్షిణం జరిగాడు, పొద్దున పది దాటినా ఎండ తగలడం లేదు. ఇన్నాళ్లూ గమనించలేదు.

గడ్డికోత · అక్టోబర్ 10
కొట్టేయకండి, కింది కొమ్మలు ఎత్తండి. పొద్దుటి ఎండ తగలాలి, గాలి ఆడాలి. ఇంకో మాట, కార్తీకంలో మంచు బాగా పడుతుంది. తెల్లారగానే పొడవాటి వెదురు కర్రతో గడ్డి మీద మంచు దులపండి. ఆకు త్వరగా ఆరితే గుండ్రటి తెల్ల మచ్చల తెగులు సగం తగ్గుతుంది.

కుర్పీ_బిడ్డ · అక్టోబర్ 10
మా అమ్మ ఇట్లాంటి కోర్సులోనే కలుపు తీస్తుంది. చదివి వినిపించాను, ఆమె చెప్పమన్నది రాస్తున్నాను. "తుంగను పీకితే పోదు, కింద గడ్డ ఉంటది. పీకిన చోట నాలుగు లేస్తయి. వాన తడి ఉన్నప్పుడే కుర్పీ లోతుగా దించి గడ్డతో సహా ఎత్తాలె. మట్టి గట్టిపడినంక మా చేతులు పుండ్లైతయి, గడ్డ మాత్రం రాదు." బొక్కలు కొట్టే ముందే తుంగ తీయించండి. లేకపోతే ఆ గడ్డలు మిషన్‌తో గ్రీన్ అంతా పాకుతాయట.

పాలమూరు_కాకా · అక్టోబర్ 10
అమ్మకు దండం చెప్పు బిడ్డా. ఆ మాట నాకు తట్టలేదు.

ఎడమకాల్వ_రైతు · అక్టోబర్ 11
గోరింకలు గుంపుగా దిగి పొడుస్తుంటే కింద లద్దె పురుగు ఉన్నట్టే. బకెట్ నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు కడిగే సబ్బు కలిపి గజం మేర పోయండి, పురుగుంటే నిమిషాల్లో పైకి పాకుతుంది. అవసరం లేకుండా మందు కొట్టొద్దు.

బత్తాయితోట · అక్టోబర్ 11
వేరు పురుగుంటే అడవి పందులు కూడా వస్తాయి. మా తోటలో ఒక్క రాత్రిలో దున్నేసినట్టు చేశాయి.

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 14
యజమాని గారి అబ్బాయిని 7వ గ్రీన్ దగ్గరికి పిలిచి ముక్క చేతిలో పెట్టాను. వాసన చూసి ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి "ఎప్పుడు మొదలుపెడదాం" అన్నాడు. టోర్నమెంట్ కార్తీక పౌర్ణమి దాటాక పెడతారు. మంచి పిల్లవాడు, చూపిస్తే వింటాడు.

ఈసారి ఇసుకకు సీసా పరీక్ష చేశాం. మొదటి ట్రాక్టర్ వెనక్కి పంపాం. రెండోదానిలో నీళ్లు తేటగానే ఉన్నాయి.

మట్టి_పరీక్ష · అక్టోబర్ 14
లెక్క వేసుకున్నారా? పన్నెండు మిల్లీమీటర్ల గొట్టం, అయిదు సెంటీమీటర్లకు ఒక బొక్క, ఎనిమిది సెంటీమీటర్ల లోతు అనుకుంటే గజమున్నర చోటులో అయిదు వందల బొక్కలు దాటతాయి. 450 చదరపు మీటర్ల గ్రీన్‌కు బొక్కలు నింపడానికి, పైన పలచగా పరవడానికి కలిపి రెండున్నర ఘనమీటర్లు. అంటే గ్రీన్‌కు ఒక ట్రాలీ. బొక్క నిండా ఇసుక దిగాలి, సగం నింపి వదిలితే మళ్లీ అదే పొర.

చెల్క_గ్రీన్ · అక్టోబర్ 19
అయిపోయింది. మూడు రోజులు పట్టింది. మొదటి రోజు తుంగ తీశాం. కోరింగ్‌కు నాలుగు రోజుల ముందే కొంచెం నత్రజని ఇచ్చి ఉంచాను. మిషన్ వెనక వరసలు వరసలుగా మట్టి కడ్డీలు లేస్తుంటే, ఒక్కొక్క దానిలో ఆ నల్ల చార. ఆడవాళ్లు పొరకలతో పోగుచేసి గంపల్లో ఎత్తారు. గ్రీన్‌కు యాభై గంపలు దాటింది. ఇసుక బాగా ఆరబెట్టి చల్లి, కొబ్బరినార పట్టాను లాగాం. ఎండుగా ఉంటే జారి దిగుతుంది, తడిగా ఉంటే మూతి దగ్గరే ఆగిపోతుంది. సాయంత్రం నీళ్లు పెడితే నిలవకుండా దిగిపోయాయి. చాలా నెలల తర్వాత ఆ చప్పుడు విన్నాను.

సద్దుల బతుకమ్మ, దసరాకు అందరికీ సెలవు. గ్రీన్ చుట్టూ తాడు కట్టేశాం. కోత కూడా ఆపాను.

పాలమూరు_కాకా · అక్టోబర్ 19
మంచి పని చేసినవ్. మళ్లీ కోత మొదలుపెట్టినప్పుడు అయిదు మిల్లీమీటర్ల మీద పెట్టు, తర్వాత మెల్లగా దించు. బ్లేడ్‌కు ఇసుక తగిలి పదును పోతుంది, మొదటి రెండు కోతలకు పాత బ్లేడ్ల రీలు వాడు. నవంబర్ సగం నుంచి నత్రజని తగ్గించి పొటాష్ ఇయ్యి.

పిచ్_రోలర్ · అక్టోబర్ 20
రోలర్ సలహా ఇచ్చింది నేనే. మా అవుట్‌ఫీల్డ్‌లో కూడా ఒక ముక్క తీసి చూశాను. నార రెండంగుళాలు. వచ్చే జూన్‌లో మేమూ చేస్తాం. కాకా, ఫోన్ చేయొచ్చా?

పాలమూరు_కాకా · అక్టోబర్ 20
మెసేజ్ పెట్టు తమ్మీ, నంబర్ ఇస్తా.

చెల్క_గ్రీన్ · నవంబర్ 21
ఇవ్వాళ 7వ గ్రీన్‌లో మళ్లీ ముక్క తీశాను. బూడిద పొర ఇంకా ఉంది, ఒక్క కోరింగ్‌తో పోదు, జూన్‌లో మళ్లీ చేయాలి. కానీ ఇసుక నింపిన ప్రతి బొక్కలోంచీ తెల్లటి వేళ్లు కిందికి దిగాయి. పొరను దాటి, కింద శుభ్రమైన ఇసుకలోకి. స్కేలు పెట్టి కొలిచాను, ఏడు సెంటీమీటర్లు. వాసన చూశాను, పచ్చి మట్టి వాసన.

5వ నంబర్ ఇంకో వారం వెనకుంది. కానుగ కొమ్మలు ఎత్తాక ఎనిమిదింటికే ఎండ తగులుతోంది.

సెవెన్_ఐరన్ · నవంబర్ 21
7వ నంబర్ తాడు ఎప్పుడు తీస్తారు?

చెల్క_గ్రీన్ · నవంబర్ 21
రేపు పొద్దున మంచు దులిపాక. హోల్ వెనక ఎడమవైపు పెడతాను, ముందు భాగం మీద ఇంకా అడుగులు పడకుండా.

కుర్పీ_బిడ్డ · నవంబర్ 22
అమ్మ అడుగుతోంది, తుంగ మళ్లీ లేచిందా?

చెల్క_గ్రీన్ · నవంబర్ 22
5లో రెండు చోట్ల లేచింది. గడ్డతో సహా తీశామని చెప్పు.